పాత యింటి ధర

ఆస్తి అమ్ముకునే మనిషి నీతిని గురించి వ్యాసం రాయడం కొంత హాస్యాస్పదంగానే కనిపిస్తుంది. కాని వ్యక్తిగత ఆస్తిని విమర్శించేవాడు తన ఆస్తిని అమ్మేటప్పుడు యెలా ప్రవర్తించాలి అన్నది నవ్వి వదిలెయ్యదగిన ప్రశ్న కాదు. తెనాలిలో మా నాన్నగారు 1961లో కట్టించిన పెంకుటింటిని యీమధ్య నేనూ, మా అక్కయ్యా కలిసి అమ్మాము. అందులో నాకెదురైన చిక్కుల్ని పాఠకుల ముందుంచుతున్నాను.

మొదటి చిక్కు సున్నం దగ్గరే వచ్చింది. అమ్మేముందు యింటిని బాగుచేయించాలన్నారు. పడమటి గోడకు నెమ్ము పట్టింది. వంటింటి దూలాన్ని చెదలు లోలోపల తినేసింది. "పుట్టీ పెట్టి రంగు కొడితే యెవరికీ కనపడదండీ" అన్నాడు మేస్త్రి. అతన్ని తప్పుపట్టలేను, యిల్లు అమ్మేవాళ్ళు అతన్ని అడిగేది అదే. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పితీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను చెబుతోంది. నేను గోడలకు వెల్ల వేయించాను గాని, నెమ్మును గాని దూలాన్ని గాని దాచలేదు. చూడవచ్చిన వారందరికీ ఆ రెండూ చూపించాను.

బేరాలు మూడు వచ్చాయి. అపార్టుమెంట్లు కట్టే ఆసామీ 90 లక్షలన్నాడు. అందులో 50 లక్షలు దస్తావేజులో, 40 లక్షలు చేతికి. మా పెదనాన్నగారి అబ్బాయి తెచ్చిన బంధువు 80 లక్షలన్నాడు, మొత్తం కాగితం మీదే. దళిత కుటుంబంలో పుట్టిన ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు కూడా మొదట 80 అన్నది. దూలం సంగతి విని, వడ్రంగిని తీసుకొచ్చి చూపించుకుని, 78కి దిగింది.

లోపం చెప్పినందుకు ఆసామీ ఒక్క రూపాయీ తగ్గించలేదు. ఆయన యెలాగూ యింటిని పడగొడతాడు. చెదల వల్ల ఆయనకు నష్టమేమిటి? పెరిగే పట్టణాల నడిబొడ్డున స్థలం విలువ పెరిగిపోతుందనీ, పాత యిళ్ళు ఆ విలువకు తగినవి కావు గనుక కూల్చివేతకు గురవుతాయనీ ఎంగెల్స్ 1872లో గృహవసతి సమస్యపై రాసిన వ్యాసాల్లో వివరించాడు. మా స్థలం ధర నాన్నగారు కొన్ననాటికీ నేటికీ పెరిగిందంటే, ఆ పెరుగుదల మేము సంపాదించింది కాదు. రోడ్లు వేసినవారూ, బడులు నడిపినవారూ, అంగళ్ళలో పనిచేసినవారూ పెంచిన విలువ అది. మేము చేసిందల్లా దస్తావేజు భద్రంగా దాచుకోవడం!

"నువ్వు అమ్మకపోతే మరొకరమ్ముతారు. పైగా ఒక సంసారం వుండే చోట ఎనిమిది సంసారాలుంటాయి. అది అభ్యుదయం కాదా?" అన్నాడొక మిత్రుడు. ఆ మాటలో నిజముంది. ఆ ఆసామీ మొత్తం సొమ్ము కాగితం మీద పెట్టివుంటే కాదనడానికి నా దగ్గర కారణం లేకపోయేది. పాత యింటి మీద మమకారం నీతి కాదు. కాని ఆ 40 లక్షలేమిటి? స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలూ, ఆపైనా నగదుగా పుచ్చుకోరాదని 2015 జూన్ 1 నుంచి చట్టంలో వుంది. అసలు నష్టం పన్ను ఒక్కటే కాదు. నెలజీతం మీద, బ్యాంకు అప్పు మీద యిల్లు కొనుక్కునే మనిషికి చాటుగా యివ్వడానికి నగదుండదు. నల్లడబ్బు నడిచే బజారులో అలాంటి మనిషి బేరం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఇక బంధువు. "రెండు లక్షలు యెక్కువేగా, పైగా వీధి మనవాళ్ళ చేతుల్లోనే వుంటుందిరా" అన్నాడు అన్నయ్య. ఆయన దాచకుండా చెప్పినందుకు సంతోషించాను. ఆ రెండు లక్షలు యింటికి యిచ్చే ధర కాదు, వీధి తలుపు మూసివుంచడానికి యిచ్చే కూలి. డబ్బుకు కులం లేదని మనం వింటుంటాం. ఆసామీ నా కులమడగలేదు, నిజమే. కాని డబ్బు లేనివారిని ఆపడానికి ఆయనకు కులంతో పని లేదు. అన్నయ్యకు వుంది.

ఇంతవరకూ తర్కం సుళువుగానే నడిచింది. "నీ ఆదర్శానికి నా వాటాలోంచి ఖర్చు పెట్టకు, తమ్ముడూ" అన్నది అక్కయ్య. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయని తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమాన వాటా వుంది. భర్త వైద్యానికి అప్పులు చేసిన మనిషి ఆమె. ఆమె సొమ్ముతో నేను ఉదారుణ్ణి కావడం ఏ రకం అభ్యుదయం?

చాలా రోజులు ఆలోచించాను. చట్టవిరుద్ధమైన నగదును కాదన్నందుకు ఆమెకు నేను బాకీపడను. దానిపై ఆమెకూ హక్కు లేదు. కాని బంధువిస్తానన్న 80 లక్షలు చట్టానికి లోబడిన సొమ్మే. దాన్ని వద్దన్నది నా విశ్వాసం. కనుక ఆ రెండు లక్షల నష్టమూ నాదే కావాలి. అక్కయ్యకు 40 లక్షలిచ్చి, నేను 38 తీసుకుని, ఉపాధ్యాయురాలికి రిజిస్టరు చేశాము. అన్నయ్య యిప్పటికీ మా గడప తొక్కడం లేదు. అక్కయ్య సంతకం పెట్టింది గాని, నన్ను మెచ్చుకోలేదు.

దీనివల్ల స్థలాల ధరలు తగ్గలేదు. నా వాటాకొచ్చిన 38 లక్షల్లో సమాజం సంపాదన యెంతో, నాది యెంతో నేను విడదీయలేను. పెరిగిన విలువ సమాజానికే చెందే యేర్పాటు వచ్చేదాకా యీ బాకీ తీరదు. అయితే ఆ యేర్పాటు రాలేదన్న సాకుతో చెదల మీద పుట్టీ పెట్టనక్కరలేదు; వీధి తలుపు మూయనక్కరలేదు. వ్యవస్థ మారాలని పాఠాలు చెప్పే మనం, మన చేతిలో వున్న దస్తావేజు దగ్గర యేం చేస్తున్నామన్న ప్రశ్న వేసుకోవాలి. దానికి జవాబు చెప్పేటప్పుడు, ఖర్చు యెవరి వాటాలోంచి పోతోందో కూడా చూసుకోవాలి.