గయ్యాళి అంటే జవాబు చెప్పినట్లా?

ఇంట్లో కొత్తకోడలు "ఈ నెల పాలలెక్క ఎవరు రాశారండీ?" అని అడిగిందనుకోండి. లెక్క సరిగా వుంటే చూపించవచ్చు, తప్పయితే దిద్దుకోవచ్చు. ఈ రెండింటి శ్రమా లేకుండా మూడో దారి ఒకటుంది. "అబ్బో, గయ్యాళి!" అనెయ్యడం. ఇక ఆ క్షణం నుంచీ పాలలెక్క ఎవరికీ అక్కర్లేదు. ఆమె గొంతు ఎంత పెద్దదో, పుట్టింటివాళ్లు ఎట్లా పెంచారో అన్నదే చర్చ. మాట్లాడితే "చూశారా, నేను చెప్పలే?" అంటారు. వూరుకుంటే "లోపల ఏదో పెట్టుకుంది" అంటారు.

ఈ విద్య సంగతి ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రాజకీయాల్లోనూ, మతంలోనూ జరిగేది అచ్చంగా ఇదే. ముద్ర వేయడం ఉత్త తిట్టు కాదు. తిట్టు తగులుతుంది, కొన్నాళ్లకు మానుతుంది. ముద్ర అట్లా కాదు, అడిగిన ప్రశ్ననే మింగేస్తుంది. జవాబు చెప్పే బాధ్యత నుంచి మనల్ని తప్పిస్తుంది. అందుకే నాలుకకు అంత తీయగా వుంటుంది.

మా బోథ్ చుట్టూ వున్న ఆదిలాబాద్ అడవులకు ఈ సంగతి బాగా తెలుసు. నిజాం కాలంలో అటవీ చట్టాలు వచ్చి గోండుల పోడు భూములు పోయాయి. పట్టాలు చేయించుకోగల బయటివాళ్ల చేతికి మరికొన్ని పోయాయి. ఇదేమని ఎదిరించిన కుమ్రం భీం సర్కారు కళ్లకు తిరుగుబాటుదారు. 1940లో జోడేఘాట్‌లో పోలీసు తూటాలకు ఆయనా, ఆయన సహచరులూ బలైపోయారు. ఆ తర్వాతగాని, అసలు వీళ్ల బాధేమిటో చూడమని హైమన్‌డార్ఫ్ అనే పండితుణ్ణి నిజాం ప్రభుత్వం పురమాయించలేదు.

విచిత్రం చూడండి, ఆయన మీదా అప్పటికే ఒక ముద్ర వుంది. ఆస్ట్రియాలో పుట్టి జర్మన్ పాస్‌పోర్టుతో వచ్చినవాడు గనుక, రెండో ప్రపంచయుద్ధం మొదలుకాగానే బ్రిటిష్‌వాళ్లకు ఆయన "శత్రుదేశస్థుడు" అయ్యాడు. హైదరాబాద్ సంస్థానం దాటి పోరాదన్నారు. ఆ "శత్రువే" భార్యతో సహా మార్లవాయి గూడెంలో కాపురం పెట్టి, గోండి భాష నేర్చుకుని, కూర్చుని విన్నాడు. వింటే తేలిందేమిటి? దున్నుకునే నేలకు ఒక కాగితం కావాలి! పట్టాలివ్వడం మొదలైంది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రం వచ్చింది. వినడమనేది తుపాకీకి ముందు జరగాల్సింది, తర్వాత జరిగింది.

ఆ పాఠమైనా నిలిచిందా? 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సోమవారం అంగడి. అదే రోజు గిరిజన రైతు కూలీ సంఘం సభ తలపెట్టింది. అప్పుడూ ప్రశ్న భూమే. సభకు అనుమతి లేదన్నారు, వెనక నక్సలైట్లున్నారన్నారు. సంఘానికి వాళ్లతో సంబంధం లేదని నేననను. కాని ఆ ఒక్క పేరుతో అక్కడికొచ్చిన వేలమంది అడిగిన మాట చెల్లిపోతుందా? పోలీసు కాల్పుల్లో 13 మంది చనిపోయారని ప్రభుత్వం చెప్పింది. హక్కుల సంఘాల లెక్క అంతకు ఎన్నో రెట్లు. అవతలివాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? ఆ తర్వాతి ఏళ్లలో మన పల్లెల్లో "ఇన్‌ఫార్మర్" అన్న ముద్ర పడితే చాలు, ఆ మనిషి ప్రాణం పోయినట్లే. ఈ ముద్రకూ ఆ ముద్రకూ మధ్య నలిగింది ఎవరి పిల్లలో వేరే చెప్పాలా!

మతం సంగతీ అంతే. "పాషండుడు" అంటే ఇవాళ వేదబాహ్యుడు, దుష్టుడు. కాని అశోకుడి శాసనాల్లో ఈ మాటకు మతశాఖ అనే అర్థం, ఎవరి శాఖైనా సరే. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలమీద కూడా వున్న ఆ శాసనాల్లో ఒకటి, తన మతాన్ని పొగుడుకోవడానికి ఎదుటి మతాన్ని దూషించవద్దనీ, నోరు అదుపులో పెట్టుకొమ్మనీ చెబుతుంది. మర్యాద నేర్పిన శాసనంలోని మాటే కాలక్రమంలో తిట్టయి కూర్చుంది!

ఇవాళ టీవీ ముందు మామగారు మేనల్లుణ్ణి "దేశద్రోహి" అంటారు, మేనల్లుడు ఆయన్ను "మతోన్మాది" అంటాడు. ఇద్దరికీ అన్నం వడ్డించే మనిషికి మాత్రం తెలుసు, ఇద్దరూ అంత చెడ్డవాళ్లేం కారని.

"అయితే తప్పును తప్పనకూడదా?" అని మీరడగవచ్చు. తప్పకుండా అనాలి. లంచం తింటే లంచమనే అనాలి, ఎక్కడ తిన్నాడో చూపించాలి. పనికి పేరు పెడితే రుజువు కావాలి. మనిషికి పేరు పెడితే రుజువుతో పనిలేదు, తేడా అక్కడుంది. తనంతట తాను పెట్టుకున్న పేరు సంగతి వేరు. విజయవాడ గోరాగారు తనను నాస్తికుడని తానే గర్వంగా చెప్పుకున్నారు. నోరు తెరిస్తే రామనామం పలికే గాంధీగారు ఆయన్ను సేవాగ్రామానికి పిలిపించుకుని, ఆ నాస్తికత్వమేమిటో, దానివల్ల పేదవాడికి ఒరిగేదేమిటో అడిగి తెలుసుకున్నారు. గోరాగారి పెద్దమ్మాయిని దళిత యువకుడికిచ్చి సేవాగ్రామంలో పెళ్లి చేయాలనుకున్నప్పుడు, ప్రమాణంలో "దేవుడు" అన్నచోట "సత్యం" అనడానికి గాంధీగారు ఒప్పుకున్నారు. 1948 జనవరిలో ఆయన హత్య జరిగింది. మార్చిలో అదే ఆశ్రమంలో, ఆ మాట ప్రకారమే పెళ్లి జరిగింది.

ఆయన దేవుణ్ణి వదులుకోలేదు, ఈయన నాస్తికత్వాన్ని వదులుకోలేదు. పిల్ల పెళ్లి మాత్రం ఆగలేదు.