మేలు చేస్తే మనసు కలుస్తుందా?

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో ఎబ్బు వేల్ అనే పట్టణం ఉంది. అక్కడి ఉక్కు కర్మాగారం ఒకప్పుడు వేలమందికి అన్నం పెట్టింది. 2002లో అది మూతపడింది. ఆ లోయలకు ఐరోపా యూనియన్ నిధులు పెద్దమొత్తంలో వచ్చాయి. రోడ్లు వెడల్పయ్యాయి, కాలేజీ భవనం లేచింది, యూనియన్ గుర్తుతో బోర్డులు వెలిశాయి. 2016 జూన్ 23న, యూనియన్‌లో ఉండాలా వద్దా అని దేశమంతా రెఫరెండం జరిగింది. ఎబ్బు వేల్ ఉన్న బ్లైనై గ్వెంట్‌లో 62 శాతం మంది వద్దన్నారు. వేల్స్‌లో అంత ఎక్కువ శాతం మరెక్కడా రాలేదు.

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టారని చదువుకున్నవాళ్లు చాలామంది వారిని నిందించారు. మేలు పొందినవాడు మేలు చేసినవాడికి కట్టుబడి ఉండాలా? మేలు ఒక్కటే మనుషులను కలపగలదా? మా దృష్టిలో ఇది నీతికి సంబంధించిన ప్రశ్న.

మేము ఆ నింద వేయలేం. చాలా ఏళ్ల క్రితం మేము పనిచేసిన ఒక బస్తీలో కమ్యూనిటీ హాలు కట్టించాం. ప్రారంభం రోజున వచ్చినవాళ్లు మళ్లీ ఆ గడప తొక్కలేదు. మాకు కోపం వచ్చింది. ఇంత చేస్తే విలువ తెలియదా అనుకున్నాం. ఒక పెద్దమ్మ చెప్పింది: "సారూ, హాలు బాగానే ఉంది. ఎక్కడ కట్టాలో మమ్మల్ని ఒక్క మాటైనా అడిగారా?" ఇవ్వడం వేరు, అడగడం వేరు అని మాకు ఆ రోజే తెలిసింది.

బ్రిటన్ చరిత్రనూ ఈ కోణంలో చూడవచ్చు. అప్పట్లో ఉమ్మడి మార్కెట్ అని పిలిచిన కూటమిలో 1973లో ఆ దేశం చేరింది. 1975లో ప్రజలను అడిగితే 67 శాతం మంది ఉందామన్నారు. మళ్లీ అడగడానికి 41 ఏళ్లు పట్టింది. ఈ మధ్యలో ఆ మార్కెట్ రాజకీయ యూనియన్‌గా మారింది. 1992లో మాస్ట్రిక్ట్ ఒప్పందం మీద ఫ్రాన్స్, డెన్మార్క్ తమ ప్రజల ఓటు తీసుకున్నాయి. బ్రిటన్‌లో పార్లమెంటే ఆమోదించింది. చట్టం ప్రకారం అందులో తప్పు లేదు. అయితే చట్టబద్ధమైన ప్రతి నిర్ణయమూ ప్రజలకు తమ నిర్ణయంగా అనిపించదు. న్యాయశాస్త్రం చదివిన మేమూ ఈ సంగతి ఆలస్యంగానే గ్రహించాం.

ఇంతటితో ఆపితే సగం నిజమే చెప్పినట్టవుతుంది. మూతపడిన ఫ్యాక్టరీ బాధ నిజమే. కానీ ఆ బాధను పొరుగుదేశం నుంచి పనికి వచ్చిన కూలీ మీదికి మళ్లించిన ప్రచారం నిజం కాదు. వలస వచ్చినవారు చాలా తక్కువగా ఉన్న బ్లైనై గ్వెంట్‌లోనూ వలసల భయం పనిచేసింది. రెఫరెండం తర్వాత పోలీసుల వద్ద నమోదైన ద్వేష నేరాలు పెరిగాయి. గాయపడినవాడి మాట వినాలి. అయితే ఆ గాయం మరొకరిని కొట్టే హక్కు ఇవ్వదు.

మన తెలుగువారికి సంబంధించిన సంగతి ఒకటుంది. కామన్వెల్త్ పౌరులకు బ్రిటన్‌లో ఓటుహక్కు ఉంటుంది. కాబట్టి భారత పాస్‌పోర్టుతో అక్కడ నివసిస్తున్న తెలుగు నర్సు, ఇంజనీరు ఆ రెఫరెండంలో ఓటు వేయగలిగారు. పదేళ్లుగా అదే వీధిలో ఉంటున్న పోలండ్ పౌరుడికి ఆ అవకాశం లేదు. ఐరోపావాళ్ల రాక తగ్గితే మీవాళ్లకు దారి దొరుకుతుందని దక్షిణాసియా ఓటర్లకు కొందరు నాయకులు చెప్పారు. ఒక వలసదారుడి ఓటుతో మరో వలసదారుడికి తలుపు మూయించాలనే లెక్క అది. నిబంధన పెట్టింది పార్లమెంటు, ఓటరు కాదు. అయినా "మమ్మల్ని అడగలేదు" అన్న ఆక్రోశంతో సాగిన ఓటు, తమ బతుకే మారిపోయే లక్షలమందిని అడగకుండానే ముగిసింది. అడగనితనానికి మందు మరో అడగనితనం కాదు.

వజ్జీల కథ మన పాఠకులకు తెలిసిందే. అదీ అనేక వంశాలు కలిసిన సమాఖ్యే. వారిని జయించాలని అజాతశత్రువు మంత్రిని పంపినప్పుడు, భగవానుడు వారి కోటల గురించి గానీ ఖజానా గురించి గానీ అడగలేదు. వారు తరచుగా సమావేశమవుతున్నారా, కలిసి కూర్చుని కలిసి లేస్తున్నారా అని ఆనందుణ్ణి అడిగాడు. సమాఖ్య బలం పంచిన ధనంలో కాక కలిసి కూర్చోవడంలో ఉందన్నది అందులోని సారం. తరచుగా అన్న మాటను గమనించాలి. 41 ఏళ్లకు ఒకసారి అడిగితే, జనం అడిగినదానికి కాక అన్నాళ్లూ అడగనిదానికి జవాబు చెబుతారు.

2020 జనవరి 31న బ్రిటన్ బయటికొచ్చింది. అది పొరపాటేనని ఇటీవలి సర్వేల్లో ఎక్కువమంది అంటున్నారు. ఎవరిది తప్పో తేల్చడం మా ఉద్దేశం కాదు. దేశాల కూటమికైనా, మన బస్తీ సంఘానికైనా మేలు చేసే చేయి ఒక్కటే చాలదు, వినే చెవి కూడా కావాలి. ఆ చెవి సంఘంలో సభ్యుడు కానివాడి మాటకూ తెరిచి ఉండాలి. ఆ కమ్యూనిటీ హాలు తాళం చివరికి పెద్దమ్మ చేతికే ఇచ్చాం. ఏం చేయాలో ఆమెనూ, ఆమె ఇరుగుపొరుగునూ అడిగాం. ఇప్పుడక్కడ సాయంత్రం పిల్లలు చదువుకుంటున్నారు.