చక్రం మారినా రథం అదేనా?

ఒక వస్తువులోని భాగాలు ఒక్కొక్కటిగా మారుతూ ఉంటే చివరికి మిగిలేది ఆ వస్తువేనా, మరొకటా అన్న విచారణ గుంటూరు, ప్రకాశం ప్రాంతాలకు కొత్తది కాదు. అమరావతి మహాచైత్యం శతాబ్దాల తరబడి పెరుగుతూ, పాత రాళ్లను కొత్త తొడుగులకు వాడుకుంటూ నిలిచింది; నేడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక ఫలకానికి ఒక వైపు క్రీస్తుపూర్వపు బోధివృక్షం, మరో వైపు క్రీ.శ. 3వ శతాబ్దానికి చెందిన స్తూపం చెక్కి ఉన్నాయి. రాయి అదే, శిల్పం వేరు. అయినా రెండు కాలాల భక్తులూ మొక్కింది ఒకే చైత్యానికి.

ఈ విచారణకు బౌద్ధంలో ప్రసిద్ధమైన రూపం ‘మిళిందపఞ్హ’ అనే పాళీ గ్రంథంలో దొరుకుతుంది. యవనరాజు, అంటే గ్రీకు వంశీయుడైన మిళిందుడు రథమెక్కి వచ్చానన్నప్పుడు, ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని నాగసేన భిక్షువు అడుగుతూ పోయి, వీటిలో ఏదీ రథం కాదనీ, వీటిని విడిచి రథం వేరే లేదనీ, భాగాలను ఆశ్రయించి లోకం పెట్టుకున్న పేరే రథమనీ తేల్చాడు. 7వ శతాబ్దపు బౌద్ధ తాత్త్వికుడు చంద్రకీర్తి మరికొంత దూరం వెళ్లి, ఆ భాగాలన్నిటి కుప్ప గాని, వాటి ఆకారం గాని రథం కాజాలవని చూపాడు.

చిలకలూరిపేట మీదుగా గుంటూరు నుంచి ఒంగోలుకు సాగే చెన్నై రహదారిపై నడిచే నేటి రథాల్లో క్రూయిజర్ ఒకటి; సీటు తక్కువ ఎత్తులో, కాళ్లు కాస్త ముందుకు చాపుకునే వీలుతో, దూరప్రయాణానికి తగినట్లు చేసిన మోటారుసైకిలును క్రూయిజర్ అంటారు. పత్తి, మిరప చేల నడుమ రోడ్లు వంపులు లేక తిన్నగా సాగుతాయి గనుక, ఇక్కడ వెనక టైరు అంచులకన్నా నడుమ ఎక్కువ అరిగి చదునవుతుంది. గుండ్రని ఆకృతి పోయిన టైరు మలుపులో బండిని సాఫీగా ఒరగనివ్వదు. వానాకాలంలో నల్లరేగడి బురద టైరు గాడులను పూడ్చివేయడం దీనికి తోడవుతుంది. అప్పుడు కొత్త టైరు ఎంచుకోవాలి. ఆ ఎంపికలోనే తాత్త్విక ప్రశ్న దాగి ఉంది.

ఇలాంటి క్రూయిజరైన రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 వెనక టైరు కొలత 140/70-17. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు. రెండోది ఆ వెడల్పులో నూటికి ఎన్ని వంతులు పక్కగోడ ఎత్తు అన్నది, అంటే 98 మిల్లీమీటర్లు. మూడోది అంగుళాల్లో రిమ్ము వ్యాసం. అదే కంపెనీ, అదే 349 సీసీ ఇంజను గల క్లాసిక్ 350కి వెనక ఉండేది 18 అంగుళాల రిమ్ము, కనుక ఒకదానికి శ్రేష్ఠమైన టైరు మరొకదానికి ఎక్కనే ఎక్కదు. కొలత పక్కనుండే 66 వంటి భారసూచిక ఆ టైరు 300 కిలోల వరకు మోస్తుందని చెబుతుంది; మెత్తని రబ్బరు రోడ్డును గట్టిగా పట్టుకుని త్వరగా అరిగితే, గట్టి రబ్బరు ఎక్కువకాలం మన్ని తడిలో పట్టు తగ్గిస్తుంది. మంచి టైరన్న గుణం టైరులో ఒంటరిగా లేదు. రిమ్ము, భారం, ముందు టైరు, నేల, ఎండ కలిస్తేనే అది ఏర్పడుతుంది. ఇతరాన్ని ఆశ్రయించక తనంతట తాను నిలిచే తత్త్వాన్ని బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడు ‘స్వభావం’ అన్నాడు, అది దేనికీ లేకపోవడాన్ని ‘శూన్యత’ అన్నాడు. ఫలానా బ్రాండు ఎప్పుడూ మంచిదే అనే కొనుగోలుదారు టైరుకు లేని స్వభావాన్ని అంటగడుతున్నాడు.

దీనికి ఎదురుగా ఉన్న పొరపాటు మరింత ప్రమాదకరం. అంతా శూన్యమైతే ఏ టైరైనా ఒకటే కదా అనడం శూన్యతను తలకిందులుగా చదవడం. నాగార్జునుడి దృష్టిలో శూన్యత, ప్రతీత్యసముత్పాదం, అంటే కారణాలను ఆశ్రయించి పుట్టడం, ఒకటే, కనుక కారణాలలో ఏ చిన్నది మారినా ఫలం మారుతుంది. నాగసేనుడే ఇందుకు మామిడిపళ్ల దొంగ ఉదాహరణ ఇచ్చాడు: యజమాని నాటిన టెంక వేరు, దొంగ కోసిన పండు వేరు అన్న వాదంతో దొంగ శిక్ష తప్పించుకోలేడు, ఎందుకంటే ఆ పండు ఆ టెంక నుంచే వచ్చింది. టైరు పక్కగోడపై చివర ఉండే నాలుగంకెలు తయారైన వారాన్ని, ఏడాదిని చెబుతాయి. 3222 అంటే 2022లో 32వ వారం. ఆ అంకెలు చూడకుండా, ఏళ్లతరబడి ఎండకు గట్టిపడిన టైరును చవకని బిగించినవాడు, రెండేళ్ల తర్వాత తడి రోడ్డుపై జారినవాడు పూర్తిగా ఒకరు కాకపోవచ్చు, పూర్తిగా వేరూ కారు. వెనక కూర్చున్న మనిషికి ఆ ఎంపికలో భాగమే లేదు, ఫలంలో మాత్రం ఉంది.

అందువల్ల గాడుల్లోని అరుగుదల గుర్తు బయటపడిన టైరుతో ఇంటివారిని ఎక్కించుకుని రహదారి ఎక్కే వాహనదారుడికి బౌద్ధ శూన్యవాదంలో ఆశ్రయం దొరకదు.