అతుకు కనపడాలా?

సతీదేవి శరీరం ముక్కలై నేలరాలినప్పుడు పై దవడ పళ్లు పడిన చోటు అలంపురం అని స్థలపురాణం. జోగులాంబ గద్వాల జిల్లాలో తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆ క్షేత్రాన్ని అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటిగా కొలుస్తారు. పళ్ల పీఠం వెలిసిన సీమే అయినా పుచ్చుపళ్లకు కొదవేమీ లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు, ఏ ఊరి దంతవైద్యుడి దగ్గరికి వెళ్లినా కుర్చీలో కూర్చున్న మనిషి నొప్పి సంగతి అయ్యాక అడిగే రెండో ప్రశ్న ఒకటుంది: “సార్, సిమెంట్ పెడితే కనపడ్తదా?”

కనపడదు. కనపడకుండా చేయడమే ఇప్పుడా విద్యలో సగం. ఒకప్పటి వెండి సిమెంట్ నోరు తెరిస్తే నల్లగా దొరికిపోయేది. దాని బరువులో దాదాపు సగం పాదరసం. అలంపురంలో పాదరసం మాట కొత్తది కాదు. రససిద్ధుడొకడు ఇక్కడ రసవాదంతో బంగారం తీశాడనీ, ఇక్కడి గుళ్లలోని బాలబ్రహ్మ, అర్కబ్రహ్మ వంటి నవబ్రహ్మల పేర్లు అతని మూలికల పేర్లేననీ చెప్పుకుంటారు. పాదరసం వాడకాన్ని తగ్గించాలని 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం ఆ వెండి సిమెంట్‌నూ పట్టించుకుంది. ఐరోపా సమాఖ్య 2025 జనవరి నుంచి కొద్ది మినహాయింపులతో దాన్ని ఆపేసింది. దాని స్థానంలోకి వచ్చిందే పంటి రంగులో ఉండే కాంపోజిట్ రెసిన్.

ఈ పని చూడముచ్చటగా ఉంటుంది. పన్ను ఆరితే తెల్లబడి మోసం చేస్తుంది కాబట్టి, తడిగా ఉండగానే రంగు నమూనాలు పక్కన పెట్టి ఏ2నా, ఏ3నా అని తేల్చుకుంటారు. పుచ్చు తొలిచాక సిరంజీతో నీలం రంగు ఫాస్ఫారిక్ ఆమ్లం జెల్ పూసి, కొన్ని సెకన్ల తర్వాత కడిగేస్తారు. ఎనామెల్ మెరుపు పోయి సుద్దలా తెల్లబడుతుంది. కంటికి ఆనని ఆ గరుకుతనంలోకే జిగురు దిగుతుంది. ఈ కిటుకును 1955లో అమెరికన్ దంతవైద్యుడు మైఖేల్ బ్యూనోకోర్ బయటపెట్టాడు. గాజుపొడి కలిపిన రెసిన్‌కు రఫాయెల్ బోవెన్ 1962లో పేటెంట్ పొందాడు. ఆ ముద్దను రెండేసి మిల్లీమీటర్ల పొరలుగా నింపి, ఒక్కో పొర మీద నీలి కాంతి పట్టి గట్టిపరుస్తారు. చివర్లో రంగు కాగితం కొరికించి, ఎత్తుగా తగిలిన చోట అరగదీస్తారు. అద్దంలో చూసుకున్న మనిషికి ఏది తన పన్నో, ఏది పెట్టిన పన్నో తెలియదు.

ఇది అబద్ధమా? ప్రశ్న చిన్నదే గానీ, పాతవాటిని బాగుచేసే వాళ్లందరినీ వేధించేది. 1964 నాటి వెనిస్ చార్టర్ ప్రకారం, పాత కట్టడంలో పోయిన భాగాన్ని పూరిస్తే అది మిగతాదానితో ఇమిడిపోవాలి, కానీ అసలుదానికీ దీనికీ తేడా తెలియాలి. మన పురావస్తు శాఖ పద్ధతీ దరిదాపుల్లో ఇదే. ఆ శాఖ అధిపతిగా జాన్ మార్షల్ 1923లో రాసిన మాన్యువల్ నుంచీ, పోయిన శిల్పాన్ని మళ్లీ చెక్కి పాతదాని పక్కన నిలబెట్టడాన్ని ఒప్పుకోదు. అలంపురంలో బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు ఆ శాఖ రక్షణలో ఉన్నాయి. పక్కనే జోగులాంబ గుడి 2005లో కొత్తగా లేచింది. కొలిచే తల్లి గుడంటూ మొండిగోడలు చూపించి ఇవే అసలువి అంటే భక్తులు ఊరుకోరు. చరిత్రకారుడికి గాయం సాక్ష్యం, భక్తుడికి అది అపచారం. ఇద్దరూ ఒకే ఆవరణలో తిరుగుతుంటారు.

శ్రీశైలం జలాశయం ముంపు మరో చిక్కు తెచ్చింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి కట్టారు. నాగర్‌కర్నూలు జిల్లాలో సోమశిల, జటప్రోలు గుళ్లూ అలాగే గట్టెక్కాయి. రాళ్లు పాతవే, నేల కొత్తది. పన్ను విషయంలో తిరకాసు తిరగబడింది. చోటు పాతదే, సరుకు కొత్తది.

ఆగమాలు ఈ చిక్కును ఎప్పుడో తలకెత్తుకున్నాయి. ప్రధాన అంగం విరిగిన విగ్రహం పూజకు పనికిరాదు, చిన్న లోపాలైతే సరిచేయవచ్చు. మూలమూర్తిని పీఠానికి పట్టి ఉంచే అష్టబంధనమైతే సాక్షాత్తూ ఒక రెసిన్ మిశ్రమమే. లక్క, గుగ్గిలం, తేనెమైనం, కావిరాయి, వెన్న వంటి ఎనిమిది ద్రవ్యాలను గంటల తరబడి దంచి, మెత్తని ముద్ద చేసి అతుకులో కూరుతారు. అది శాశ్వతమని ఎవరూ అనలేదు. పన్నెండేళ్లకోసారి తీసి కొత్తది వేయాలన్నారు. తిరుమలలో 2018 ఆగస్టులో జరిగిన మహాసంప్రోక్షణం అందుకే. పని సాగినన్నాళ్లూ దేవుడి శక్తిని కలశంలోకి ఆవాహన చేసి బాలాలయంలో ఉంచుతారు. పంటికి ఆ వెసులుబాటు లేదు, ప్రాణం లోపల ఉండగానే మరమ్మతు జరగాలి.

అలంపురంలో గుళ్ల పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. ఇస్లాంలో ఈ ప్రశ్న నీళ్ల రూపంలో వచ్చింది. హనఫీ సంప్రదాయంలో గుస్ల్ స్నానానికి నోరు పుక్కిలించడం తప్పనిసరి. మరి సిమెంట్ కింది పంటికి నీళ్లు తగలవు కదా? ఊడదీయడానికి వీల్లేకుండా అతికినది పంటిలో భాగమేనని పండితులు తేల్చారు. ముక్కు తెగిన అర్ఫజా అనే సహచరుడు పెట్టించుకున్న వెండి ముక్కు కుళ్లితే, బంగారు ముక్కు పెట్టించుకోమని ప్రవక్త చెప్పిన హదీసు వారికి ఆధారం. బౌద్ధులు ఇంకో అడుగు ముందుకేశారు. మిళిందపన్హలో భిక్షువు నాగసేనుణ్ణి మిళిందరాజు అడిగిన వాటిలో పళ్లూ ఉన్నాయి. అవి నాగసేనుడా? కాదు. సొంత పన్నే ‘నేను’ కానప్పుడు గాజుపొడి మీద పేచీ ఎందుకు?

పేచీ ఉంది, కాకపోతే తాత్వికులు వెతికిన చోట లేదు. కాంపోజిట్ గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో సుమారు రెండు మూడు శాతం కుంచించుకుపోతుంది. జిగురు పట్టు తప్పితే అంచున సందు పడుతుంది, అక్కడ మళ్లీ పుచ్చు మొదలవుతుంది. తొలినాటి రెసిన్లు ఎక్స్‌రేలోనూ పుచ్చులాగే నల్లగా కనిపించేవి. ఏది మందో, ఏది రోగమో వైద్యుడికే అంతుపట్టేది కాదు. అందుకే గాజుపొడిలో బేరియం వంటి బరువైన మూలకాలు కలిపారు. ఇప్పుడది ఎక్స్‌రేలో తెల్లగా మెరుస్తుంది. లోకానికి కనపడకపోవడాన్ని ఎవరూ లోపమనుకోలేదు. చూసుకోవాల్సిన వాడికి కనపడకపోవడాన్నే దిద్దుకున్నారు. పీఠం కింది అష్టబంధనమూ అంతే. దర్శనానికి వచ్చిన వాళ్లకు దాని ఊసే అక్కర్లేదు, అర్చకులకు మాత్రం దాని వయసు తెలిసి ఉండాలి.

గుడికి ఆ లెక్క రాసిపెట్టే ఆనవాయితీ ఉంది. నోటికి లేదు. వనపర్తిలో సిమెంట్ పెట్టించుకుని హైదరాబాద్‌లో స్థిరపడ్డ మనిషిని అక్కడి డాక్టర్ ఏ పంటికి, ఎప్పుడు అని అడిగితే నాలుకతో తడుముకోవాల్సిందే. పాత కాంపోజిట్ తీసేటప్పుడు అతుకు పోల్చుకోలేక మంచి పన్నునూ కొంత కోసేస్తుంటారు. దాన్ని తప్పించుకోవడానికి కొందరు వైద్యులు అతినీలలోహిత కాంతి టార్చి వాడుతున్నారు. చాలా రకాల రెసిన్లు ఆ వెలుతురులో పంటి కన్నా వేరుగా మెరిసి, అంచు ఎక్కడుందో చెప్పేస్తాయి.