ఏమరుపాటు హింస కాదా?

మనము నీరు వడగట్టి త్రాగుదుము; చీమను త్రొక్కకుండ నడతుము. అట్టి మన యింట, మంచము పట్టిన మనిషికి వీపున పుండు పడినచో అది ఎవరి పాపము?

పక్షవాతముతో పడియున్న మా తల్లికి జీతమిచ్చి మనిషిని పెట్టితిని. ఉదయము దేవదర్శనము, పగలెల్ల దుకాణము. ఒకనాడు దుప్పటి మార్చుచుండగా దుర్వాసన వచ్చెను. నడుము క్రింద, ఎముకపై, రూపాయి బిళ్లంత పుండు! ఆమెను ఎవరును బాధించలేదు. ఎవరును చూడలేదు, అంతే.

ఒకేచోట బరువు ఆనియుండిన నెత్తురాడక చర్మము చచ్చును. కావున రోగిని సుమారు రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పవలెను. ఒంటిని తడి లేకుండ ఉంచవలెను. మడమలు, తుంట్లు, నడుము దినదినము చూడవలెను. వ్రేలితో నొక్కినను పోని ఎరుపు మొదటి హెచ్చరిక, అక్కడ రుద్దరాదు. పుండైనచో వైద్యునికి చూపవలెను.

"కావలెనని చేయలేదు గదా" అందురు. తత్త్వార్థసూత్రము ప్రమాదముచే ప్రాణమునకు కలిగించు హానిని హింస యన్నది. ప్రమాదమనగా ఏమరుపాటే. ఆరు అంతరంగ తపస్సులలో వైయావృత్త్యము, అనగా సేవ, ఒకటి.

చాకిరికి జీతమియ్యవచ్చును, మన బాధ్యతను జీతమిచ్చి వదలించుకొనలేము. అర్ధరాత్రి లేచి అమ్మను ప్రక్కకు త్రిప్పుటయే ఆ యేడు నేను చేసిన తపస్సు. పుండు మెల్లగా మానినది.