తేదీ వేసే ముందు ఒక్క మాట

అమ్మలూ,

నీకు ఉద్యోగం వచ్చిందనీ, రోజూ పొద్దున్నే ‘చరిత్రలో ఈ రోజు’ చెప్పే పని నీకే అప్పజెప్పారనీ మీ అమ్మ ఫోన్ చేసి చెబితే నవ్వొచ్చింది. నీ వయసులో నన్ను కూర్చోబెట్టిందీ ఆ పనికే. విజయవాడలో దినపత్రిక డెస్కు, రాత్రి డ్యూటీ. పాతవాళ్లెవరూ ముట్టుకోరు కనుక కొత్తగా చేరినవాడి నెత్తిన పడేది. జానెడు శీర్షిక, జీతంలో దానికంటూ వచ్చేది సున్నా. కానీ ఒక్క అంకె పొరపాటు పడిందా, ఆ వారం వచ్చే ఉత్తరాలన్నీ దాని మీదే. సంపాదకీయంలో ఎంత గొప్ప పొరపాటు దొర్లినా జనం సర్దుకుపోతారు గానీ, తేదీ తప్పితే మాత్రం ఊరుకోరు.

మొన్న మన ఇంటి వాట్సాప్ గ్రూపులో నీ వీడియో చూశాను. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని చెప్పావు. గొంతు బాగుంది, తడబాటు లేదు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు, తాతయ్య ఒక్కడే ఏమీ అనలేదని అలిగావట. అలగకు తల్లీ. ఆ తప్పు నీది కాదు, నాది. నాలాంటివాళ్లం ఏళ్ల తరబడి అచ్చేసి, నిజమని నమ్మించిన తేదీ అది.

ఎలా జరిగిందో చెబుతాను. ఆగస్టు నెలాఖరుకి అల్మారాలోంచి కటింగుల ఫైలు తీసేవాణ్ని. అందులో ‘సెప్టెంబర్ 15, తొలి టాకీ’ అని ఉండేది. నిశ్చింతగా ఎక్కించేవాణ్ని. కొన్నేళ్లకు గానీ తట్టలేదు, ఆ కటింగు అంతకు ముందేడాది నేను రాసిందేనని! నా చేతి రాతకు నేనే సాక్షినన్నమాట. పాత్రికేయుడు రెంటాల జయదేవ గారు ఇలా ఊరుకోలేదు. పాత పత్రికలు, ప్రకటనలు, సెన్సారు కాగితాలు తిరగేసి తేల్చారు. ఆ సినిమా సెన్సారైందే 1932 జనవరి 22న. బొంబాయి కృష్ణా సినిమా థియేటర్లో విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న. సెన్సారు కాకుండా నాలుగు నెలల ముందు బొమ్మ ఎలా ఆడుతుంది?

నాలుగైదు నెలల తేడాకి ఇంత రాద్ధాంతమా అంటావేమో. తేదీ కదిలితే వరస కదులుతుంది. దేశంలో తొలి టాకీ ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న వచ్చింది. తమిళంతో పాటు తెలుగూ వినిపించిన ‘కాళిదాస్’ అదే ఏడు అక్టోబర్ 31న. మన లెక్క ప్రకారం ప్రహ్లాదుడు కాళిదాసు కంటే ముందు మాట్లాడేశాడు. నిజానికి కాళిదాసు తరువాతే మాట్లాడాడు. రెండూ తీసింది హెచ్.ఎం. రెడ్డిగారే. ఆ ‘భక్త ప్రహ్లాద’ ప్రతి ఇప్పుడు దొరకదు. బొమ్మ పోయాక మనకు మిగిలింది దాని తేదీ, అందులో నటించిన సురభి కమలాబాయి లాంటి కొన్ని పేర్లూ. మిగిలిన ఆ కాస్తా కూడా తప్పుగా దాచుకుంటే ఎలా చెప్పు?

ఇప్పుడు నీకు అల్మారా లేదు, కటింగుల ఫైలు లేదు. కానీ నువ్వు చూసిన పది చోట్లా అదే తేదీ ఉందంటే పదిమంది సాక్షులున్నట్టు కాదు, ఒకణ్ని చూసి తొమ్మిదిమంది రాసుకున్నట్టు. మొదటివాడికి ఎవరు చెప్పారో వెతుకు. దొరక్కపోతే సంవత్సరం చెప్పి ఊరుకో. మహానటి సావిత్రి గారే ఉన్నారు. ఆవిడ పుట్టిన ఏడు ఒక్కో పుస్తకంలో ఒక్కో విధంగా ఉంటుంది. వెళ్లిపోయింది మాత్రం 1981 డిసెంబర్ 26 అని ఖాయంగా తెలుసు. మనుషులు ఊరూపేరూ లేకుండా పుట్టి, పేరు తెచ్చుకుని పోతారు కదా. పోయిన తేదీ గట్టిగా ఉండి, పుట్టిన తేదీ మసకగా ఉండటం వింతేమీ కాదు. నా సంగతే చూడు. సర్టిఫికెట్లో జూలై 1. అది మా బడిపంతులు గారి చలవ. మా క్లాసులో సగంమంది అదే రోజు పుట్టాం. మా అమ్మనడిగితే ‘సంక్రాంతి వెళ్లిన మూడోనాడురా, నల్లగేదె ఈనిన రోజు’ అనేది. ఏ ఏడో ఆవిడకీ తెలియదు, గేదెకీ తెలియదు.

మాటల దగ్గర కూడా కాస్త చూసుకో. బతికున్నవారికి పుట్టినరోజు, గతించినవారికి జయంతి. ఈ మధ్య కుర్రాళ్లు ‘వర్ధంతి శుభాకాంక్షలు’ అని పెడుతున్నారు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అయితే ఒక తమాషా ఉంది. వర్ధంతి అంటే అసలు అర్థం వృద్ధి. మైసూరులో చాముండేశ్వరి వర్ధంతి అంటే అమ్మవారి పుట్టినరోజు వేడుక. మన దగ్గరికొచ్చేసరికి అది చావుకి చుట్టమైపోయింది. శతజయంతి లెక్కలోనూ తికమక పడతారు. నందమూరి తారక రామారావు గారు 1923 మే 28న పుట్టారు. నూరో ఏడు మొదలైంది 2022లో, నూరేళ్లు నిండింది 2023లో. ఉత్సవాలు మొదటి తేదీకి మొదలుపెట్టి రెండో తేదీకి ముగించారు. ‘నేటితో నూరేళ్లు’ అని రాయాల్సింది రెండో రోజునే.

ఇక నా పరువు తీసిన ముచ్చట. ఒకసారి ఒక రంగస్థల నటుణ్ని, నిక్షేపంగా ఉన్న మనిషిని, వర్ధంతుల జాబితాలో వేసేశాను. అదే పేరున్న ఇంకొకాయన పోయారు, ఈయన పోలేదు. పొద్దున్నే సైకిలెక్కి వాళ్లింటికి పోయాను. వసారాలో పడక్కుర్చీలో మా పేపరే చదువుతున్నారు. నన్ను తేరిపార చూసి, ‘కాఫీ తాగుతావా అబ్బాయ్, లేక తద్దినం భోజనానికి ఉంటావా?’ అన్నారు. అప్పటి నుంచీ పోయారని రాయాల్సి వస్తే ఇద్దరిని అడక్కుండా రాయలేదు. నువ్వు నలుగురిని అడుగు. నీది నిమిషంలో లక్షమందికి చేరుతుంది, సైకిలెక్కి వెనక్కి తెచ్చుకోలేవు.

అంకెలు సరిగా ఉంటే చాలదు, అమ్మలూ. జూలై 4 తీసుకో. మా డెస్కులో ఏటా ఆ రోజు అల్లూరి సీతారామరాజు జయంతి. 1897లో పుట్టారు. 2022లో 125వ జయంతికి ప్రధాని భీమవరం వచ్చి విగ్రహం ఆవిష్కరించారు. అంతవరకూ బాగుంది. జాతీయ పతాకం రూపొందించిన పింగళి వెంకయ్య గారు 1963లో కన్నుమూసింది కూడా జూలై 4నే. కృష్ణా జిల్లా వాణ్ని కనుక అదీ గుర్తుండేది, రెండు ముక్కలు వేసేవాణ్ని. కానీ 1946లో అదే జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య బలయ్యాడు, తెలంగాణ సాయుధ పోరాటానికి అదే నిప్పురవ్వ అయింది. చాలా ఏళ్లు నా శీర్షికలో ఆ పేరే లేదు. ఎవరూ వద్దనలేదు. నా ఫైల్లో లేదు, అంతే. విజయవాడలో కూర్చున్నవాడి ఫైల్లో కడవెండి లేకపోవడం అమాయకత్వం అనుకునేవాణ్ని. ఇప్పుడు అలా అనుకోలేకపోతున్నాను.

సెప్టెంబర్ 17 మరీ చిక్కు. నువ్వు మొన్న దాన్ని వదిలేసి ఏదో హాలీవుడ్ సినిమా చెప్పావు, గమనించాను. భయపడ్డావు కదూ? జరిగింది చెప్పడానికి భయమెందుకు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా పేరు దగ్గరే. ఒకరు విమోచన అంటారు, ఒకరు విలీనం అంటారు, ఇంకొకరు విద్రోహం అంటారు. 2022లో తెలంగాణ ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది. 2024లో కేంద్రం హైదరాబాద్ విమోచన దినమని గెజిట్లో వేసింది. అదే ఏడు రాష్ట్రంలోని కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం చేసింది. జెండా ఒకటే, తేదీ ఒకటే, ఒకే ఊళ్లో వేరువేరు చోట్ల వేరువేరు పేర్లు. నువ్వు ఏదో ఒక పేరు మోయనక్కర్లేదు. జరిగింది ముందు చెప్పు. ఎవరు ఏమంటున్నారో తరువాత చెప్పు. ఆ రోజు సంబరం చేసుకున్న ఊళ్లున్నాయి, ఆ తరువాతి రోజుల్లో జరిగిన హింసకు ఏడ్చిన ఇళ్లూ ఉన్నాయి. దాన్ని విచారించిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక చాలాకాలం బయటికి రానిది అందుకే. తిట్లు పడతాయి. రెండువైపుల నుంచీ పడితే మరీ దిగులు పడకు.

సినిమా తేదీలు ఇంత బరువుండవు, హాయిగా చెప్పుకోవచ్చు. ‘మాయాబజార్’ 1957 మార్చి 27 అనగానే ఏ ఇంట్లోనైనా ఒక నవ్వు పుడుతుంది. కానీ ఒక మోహం ఉంది, దానిలో పడకు. ‘శంకరాభరణం’ విడుదలైంది 1980 ఫిబ్రవరి 2న. కె. విశ్వనాథ్ గారు వెళ్లిపోయింది 2023 ఫిబ్రవరి 2న. ఆ రాత్రి నాకూ ఒళ్లు జలదరించింది. కళ్లు తుడుచుకున్నాను కూడా. కానీ మర్నాటి నుంచీ ఆయన గురించి అదొక్కటే చెప్పుకోవడం మొదలైంది. తేదీ కలవడం ఆయన ప్రతిభ కాదు కదమ్మా. పేరున్న హీరో లేకుండా, నడివయసు దాటిన సంగీత విద్వాంసుణ్ని కథానాయకుణ్ని చేసి, కర్ణాటక సంగీతంతో హాళ్లు నింపడం ఆయన ప్రతిభ. నీకున్న నిమిషంలో యాభై సెకన్లు దానికివ్వు.

మీ మావయ్య పుట్టింది ఉప్పెన ఏడాదని ఇంట్లో అంటుంటాం కదా. 1977 నవంబర్ 19, దివిసీమ. నేను డెస్కులో ఉన్నాను. టెలిఫోన్ తీగలు తెగిపోయి, రోడ్లు కొట్టుకుపోయి, ఎంత ఘోరం జరిగిందో వెంటనే తెలియనే లేదు. దాదాపు పది వేలమంది పోయారు, ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. రామారావు గారు, అక్కినేని నాగేశ్వరరావు గారు మొదలైన నటులు జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. మరుసటేడు నుంచి ఆ తేదీకి నేను వేసింది ‘దివిసీమ ఉప్పెన’ అన్న రెండు మాటలు, పక్కన అంకె. తుపాను షెల్టర్లు ఎన్ని కట్టారు, కట్టినవాటికి తలుపులున్నాయా, కరకట్ట ఏ స్థితిలో ఉంది అని ఆ రోజున ఒక్కసారైనా అడిగి ఉండాల్సింది. బస్సెక్కితే ఆ పూటే అక్కడ దిగేవాణ్ని. ఎక్కలేదు.

నువ్వైనా ఎక్కు. సెప్టెంబర్ 28 వస్తోంది. 1908లో ఆ రోజు మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తింది. పోయినవారు 15,000 మంది అని అంచనా. పురానాపూల్ ఒక్కటే మిగిలింది, మిగతా వంతెనలు తట్టుకోలేకపోయాయి. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఊరికి పైన నీళ్లు ఆపాలన్నారాయన. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. మీరు తాగిన గండిపేట, అంటే ఆ ఉస్మాన్‌సాగర్, నీళ్లు ఆ వరద పెట్టిన భిక్షే. ఆ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలు వద్దని 1996లో జీవో 111 ఇచ్చారు. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేశారు. 2025 సెప్టెంబర్ 26 రాత్రి, ఆ తేదీకి సరిగ్గా రెండు రోజుల ముందు, జంట జలాశయాల గేట్లెత్తితే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్లోకి మూసీ వచ్చేసింది. నది మధ్యలో కట్టిన బస్టాండులోకి నది రావడాన్ని అందరూ వింతగా చెప్పుకున్నారు! ప్రయాణికులను బయటికి తరలించారు. అంతకు ముందేడు, 2024లో, మూసీ సుందరీకరణ అంటూ నది ఒడ్డున ఇళ్లు కూల్చడం మొదలుపెట్టారు. ఎవరి ఇళ్లు ముందు కూలాయో, ఎవరివి ఆగాయో కూడా ఆ నిమిషంలోకి పడుతుంది, చోటు చేసుకుంటే.

ఆ చింతచెట్టు ఇంకా ఉంది, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనే. ఏటా 28న కొందరు దాని కింద చేరి, పోయినవారిని తలుచుకుంటారు. నీ ఆఫీసు నుంచి మెట్రోలో ఎంతో దూరం లేదని మీ నాన్న అన్నాడు. ముందురోజే వెళ్లు. చెట్టు కింద నిలబడి ఆ వరద ఎంత ఎత్తు వచ్చిందో అక్కడివాళ్లనడుగు, నది ఎటుందో చూడు, ఆ తరువాత కెమెరా తియ్యి. వీడియో గ్రూపులో పెట్టే ముందు నాకు పంపు. ఈసారి తేదీ నేను చూస్తాను.

మీ తాతయ్య