చాప క్రింద నీరు



ఏ భాషయైనను తన సామెతలలో అనేకమును ఇంటిలోనుండియే తెచ్చుకొనును. గుంటూరులో ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885లో స్థాపింపబడిన నాటినుండి మన పల్లె బిడ్డలెందరో ఇంగ్లీషు నేర్చికొనిరి. ఆ భాషలో ఇంటినిబట్టియు ఇంటి సామానునుబట్టియు పుట్టిన పలుకుబడులు చాల గలవు. వాటిలో మూడింటిని తీసికొందము. ఇంటి సంగతులు వీధిలో పెట్టువానితో ఆంగ్లేయులు, “నీ మురికిబట్టలు నలుగురిలో ఉతుకకుము” అందురు. కుటుంబము దాచుకొనిన అవమానమును “అలమారలోని ఎముకల గూడు” అందురు. తప్పును సరిదిద్దక కప్పిపుచ్చుటను “చెత్తను తివాచీ క్రిందికి ఊడ్చుట” అందురు. మొదటి మాట గుట్టు కాపాడుమనుచున్నది. మూడవది దాచుటను నిందించుచున్నది. మన పెద్దలును “ఇంటి గుట్టు లంకకు చేటు” అని హెచ్చరించిరి. అట్లయిన ఇంటి కష్టమును దాచుట మంచిదా, చెప్పుట మంచిదా?

ఈ ప్రశ్న మన ప్రాంతమునకు వట్టి మాట కాదు. 1987–88లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిని నాశనము చేసినప్పుడు అప్పుల పాలైన రైతులనేకులు తమ ప్రాణములు తీసికొనిరి. 2021–22లో నల్ల తామర పురుగు మిరప తోటలను పాడుచేసెను. చేనిలో పురుగు పడిన ఊరందరికి కనబడును, అప్పు కనబడదు. కౌలు, విత్తనము, ఎరువు, పురుగుమందు, కోతకూలి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క నోటు. యజమాని ఇంటికి వచ్చి ఎప్పటివలెనే అన్నము తినును. ఇంటివారికి చెప్పి బాధపెట్టనేల అనుకొనును. ఆదివారము దేవాలయములో ఎప్పటిచోటనే కూర్చుండును. అప్పులవాడు గుమ్మము తొక్కిన దినమున గాని ఇల్లాలికి సంగతి తెలియని ఇండ్లు మన పల్లెలలో ఉన్నవి.

ఇక్కడ ఇంగ్లీషు మాటకంటె మన మాటయే లోతైనదని మాకు తోచుచున్నది. తివాచీ క్రింది చెత్త పెట్టినచోటనే ఉండును. మనము “చాప క్రింద నీరు” అందుము. నీరు ఒకచోట నిలువక, పైన కూర్చున్నవారికి తెలియకయే ప్రాకును. అప్పును అట్టిదే. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డికి లక్ష రూపాయలు తెచ్చినయెడల సంవత్సరమునకు వడ్డియే 24,000 రూపాయలగును. వడ్డిని అసలులో కలిపి ఏటేట నోటు తిరుగవ్రాసినయెడల రెండేండ్లకు అది 1,53,760 రూపాయలగును. నోరు మూసికొనుటవలన అందులో ఒక్క రూపాయియైనను తగ్గదు.

అయితే గుట్టు అంతయు చెడ్డదా? కాదు. నోవహు మత్తుడై గుడారములో వస్త్రహీనుడుగా నున్నప్పుడు షేమును యాపెతును వెనుకకు నడిచి, చూడకయే తండ్రికి వస్త్రము కప్పిరి (ఆదికాండము 9:23). ఎదుటివాని మానము కాపాడుటకు కప్పుట ప్రేమ. తన పరువు నిలుపుకొనుటకు ఇంటివారిని చీకటిలో ఉంచుట వేరు.

ప్రవక్తల శిష్యులలో ఒకని విధవరాలి సంగతి చూడుడి (2 రాజులు 4:1–7). అప్పులవాడు ఆమె యిద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవుటకు వచ్చెను. ఆమె అప్పు దాచక ఎలీషాతో మొరపెట్టెను. ఇంటిలో ఏమున్నదని అతడు అడిగెను. కొంచెము నూనె తప్ప మరేమియు లేదు. ఇరుగుపొరుగువారి యొద్ద వట్టి పాత్రలు అడిగి తెచ్చి, తలుపు మూసికొని, నూనె పోయుమనెను. ఆ నూనె అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో బ్రదుకుమనెను. చెప్పవలసినవానికి ఆమె చెప్పెను. వీధికి తలుపు మూసెను. కుమారులు మాత్రము తలుపు లోపలనే యుండి పాత్రలు అందించిరి.

కాబట్టి గుట్టునకు హద్దు ఇంటి గోడయే. ఇంటి లోపల మరియొక గోడ కట్టుటకు అది సాకు కారాదు. ఈ యేడు విత్తనము వేయకముందే నోట్లన్నియు తెచ్చి భార్య యెదుట, ఎదిగిన బిడ్డల యెదుట పరచి లెక్క చూడుడి. పిమ్మట మాట దాచగల ఒక పెద్దకు చెప్పుడి. మనస్సు మరీ క్రుంగినయెడల ఆ దినముననే చెప్పుడి, తెల్లవారువరకు ఆగవద్దు.

వినువారికి కూడ ఒక మాట. మన యొద్ద చెప్పిన కష్టము మరునాడు కుళాయి దగ్గర వినబడునేమోయను భయమే అనేకుల నోరు మూయుచున్నది. ఆ పొరుగువారు పాత్రలిచ్చినట్లే మనమును చేతనైనది ఇచ్చి, విన్నది మనలోనే ఉంచుకొందము. ధైర్యముగా చెప్పుకొనుటకు చోటు లేని సంఘము, దాచినవానిని తప్పుపట్టుటకు తగదు.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని సామెత. ఈ రాత్రి మన యిండ్లలో దీపమున్నది. చాప ఎత్తి చూతము.